బరువు తగ్గాక కుడి రెప్ప వాలినట్టు కనిపిస్తోంది, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

సీతమ్మధార_నడక
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. నిరుడు దసరాకి 84 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 67. మందులేమీ వాడలేదు. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, పప్పు, కూర. పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి వుడా పార్కు దాకా నడక, మళ్లీ వెనక్కి. ఈ ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఎక్కడా కూలబడకుండా పూర్తి చేశాను. మోకాళ్ల నొప్పి పోయింది. బీపీ మాత్ర డోసు కూడా డాక్టరు తగ్గించారు.

మొన్న విజయనగరంలో ఒక పెళ్లికి వెళ్తే మా మేనత్త చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. "ఏటమ్మా, షుగరొచ్చిందా? మొహం పీక్కుపోయింది, కళ్లు గుంటలు పడ్డాయి" అంది. ఆవిడ ప్రేమతోనే అడిగింది, నాకు తెలుసు. కానీ ఇంటికొచ్చాక అద్దం ముందు నుంచి కదల్లేకపోయాను. ఎడమ పై రెప్ప మీద ఇంతకుముందు ఒక మడతే ఉండేది, ఇప్పుడు రెండు. కుడి రెప్ప ఎడమదాని కంటే కిందకి దిగి ఉంది. ఫోన్లో ఫొటో తీసుకుంటే ఇంకా తేడాగా కనిపిస్తోంది. కింద రెప్పల దగ్గర నల్లగా ఒక గాడి.

బరువు తగ్గితే రెప్పలు వాలతాయా? మళ్లీ రెండు మూడు కిలోలు పెరిగితే సర్దుకుంటుందా? ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు.


భీమిలి_పిన్ని
ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మళ్లీ పెంచుకునే మాట మాత్రం అనుకోకు. పదిహేడు కిలోలు ఊరికే పోలేదు కదా. మా అమ్మ రాత్రి పడుకునే ముందు రెప్పలకి ఆముదం రాసి బాగా మర్దనా చేసేది. నువ్వూ చేసి చూడు, నెలలో తేడా తెలుస్తుంది.


ఉక్కునగరం_రిటైర్డ్
సోమవారం, ఉదయం 5:50

నాకు 64. రెండేళ్లలో 14 కిలోలు తగ్గాను, డాక్టరు చెప్పి తగ్గించినదే. మీ సమస్య, నాది ఒకటి కాకపోవచ్చు కానీ నా అనుభవం చెప్తాను.

నాకు పై రెప్పల చర్మం బయటివైపు జారి వెంట్రుకల మీదకి వచ్చేసింది. పుస్తకం చదువుతుంటే పైన ఎవరో కర్టెన్ సగం దించినట్టుండేది. సాయంత్రానికి నుదురు నొప్పి. నాకు తెలియకుండానే కనుబొమలు పైకెత్తి చూస్తున్నానని కంటి డాక్టరు చెప్పేదాకా అర్థం కాలేదు. చర్మాన్ని టేపుతో పైకి అంటించి ఒకసారి, అంటించకుండా ఒకసారి చూపు విస్తీర్ణం పరీక్ష చేశారు. తేడా బాగా తెలిసింది.

ఆపరేషన్ వెంటనే వద్దన్నారు. బరువు ఒకచోట నిలిచి ఆరు నెలలు గడిచాక రమ్మన్నారు. ఇంకా తగ్గుతుండగా కోస్తే, తర్వాత మిగిలే చర్మం ఎంతో ముందే లెక్క కట్టలేరట. ఎక్కువ తీసేస్తే కన్ను పూర్తిగా మూసుకోదు, రాత్రంతా పొడిబారిపోతుంది. ఎదురుచూస్తున్నాను.

ఇంకొకటి. లావుగా ఉన్న రోజుల్లో గురక విపరీతం. పొద్దున్న లేచేసరికి కళ్లు ఎర్రగా, జిగురుగా ఉండేవి. రెప్ప రబ్బరులా సాగిపోయి, నిద్రలో దిండుకి రాసుకుని దానంతటదే తిరగబడిపోయేదట. గురకలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లలో ఇది కనిపిస్తుందని చెప్పి, నిద్ర పరీక్ష చేయించారు. ఇప్పుడు రాత్రి మిషన్ పెట్టుకుని పడుకుంటున్నాను, బరువూ తగ్గింది, ఆ ఎర్రదనం పోయింది. బరువు తగ్గడం వల్ల నా కళ్లకి మేలే జరిగింది, ఆ సంగతీ చెప్పాలి.


వాల్తేర్_పీజీ
సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను కంటి విభాగంలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ రాసేది పరీక్షకి బదులు కాదు, కానీ సీతమ్మధార అక్క అడిగిన ప్రశ్నకి సరైన జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రెప్ప చర్మం మన ఒంట్లో అన్నిటికంటే పల్చన, అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. దాని కింద కొవ్వు దాదాపు ఉండదు. కాబట్టి "రెప్పలో కొవ్వు కరిగి వాలింది" అనే మాట అంత సూటిగా నిజం కాదు. చర్మం కింద కన్ను మూసే కండరం, దాని వెనక ఒక పల్చని తెర, ఆ తెర వెనక కంటిగూటిలో ఉండే కొవ్వు. పై రెప్ప వెనక రెండు ముద్దలు, కింది రెప్ప వెనక మూడు. కనుగుడ్డుకి పరుపు లాంటిది ఇది. మామూలుగా బరువు తగ్గినప్పుడు పొట్ట, బుగ్గ కరిగినట్టు ఇది కరగదు. మనిషి బాగా చిక్కి శల్యమైనప్పుడు మాత్రం ఇదీ తగ్గి కళ్లు లోపలికి పోతాయి.

మరి మీ కళ్లు గుంటలు పడ్డట్టు ఎందుకు కనిపిస్తున్నాయి? కంటి చుట్టూ ఉన్నది తగ్గింది కాబట్టి. మొహంలో కొవ్వు ఒకే దుప్పటిలా పరుచుకుని ఉండదు, విడివిడి అరలుగా ఉంటుంది. శవాల మొహాల్లోకి రంగు ఎక్కించి చూస్తే ఆ రంగు ఒక అరలోంచి పక్క అరలోకి పాకలేదని 2007లో అమెరికాలో ఇద్దరు సర్జన్లు చూపించారు. అన్ని అరలూ ఒకేలా తగ్గవు. కణత దగ్గర, కనుబొమ కింద, బుగ్గ పైభాగంలో ఉన్నది తగ్గితే కంటిగూటి ఎముక అంచు బయటపడుతుంది. ఇంతకుముందు కింది రెప్పకి బుగ్గ దన్నుగా ఉండేది. ఆ దన్ను దిగిపోగానే రెప్పకీ బుగ్గకీ మధ్య గాడి. మీరు నల్లగా ఉందన్నది చాలావరకు నీడే అయి ఉంటుంది. పై నుంచి లైటు పడకుండా కిటికీకి ఎదురుగా నిలబడి చూడండి, సగం నలుపు పోతుంది.

రెండో మడత సంగతి. రెప్పని ఎత్తే కండరం నుంచి సన్నని పోగులు చర్మానికి అంటుకుని ఉంటాయి, మడత పడేది అక్కడే. మెత్తగా నిండి ఉన్నప్పుడు మడత ఒకటే, లోతు తక్కువ. నిండుదనం తగ్గాక లోతవుతుంది, కొందరికి రెండు మూడు పడతాయి. జబ్బు కాదు.

ఇక వాలడం. రిటైర్డ్ సార్‌కి జారింది చర్మం. అసలు వాలడం అంటే వెంట్రుకలు ఉండే అంచే కిందకి దిగడం, దాన్ని టోసిస్ అంటాం. ఎదురుగా టార్చి వేసి, నల్లగుడ్డు మీద మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా కొలుస్తాం. 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే మామూలు. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా రెప్పనెత్తే కండరం చివరి పొర సాగి, పట్టు జారడం వల్ల వస్తుంది. వయసు, ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టి తీయడం, కళ్లు నలుపుకోవడం, ఇవీ కారణాలు. అందుకే పిన్నిగారూ, ఆముదం రాసుకున్నా ఇబ్బంది లేదు గానీ మర్దనా మాత్రం వద్దు. సాగే చర్మాన్ని ఇంకా సాగదీసినట్టవుతుంది.

అక్కా, ఒక పని చేయండి. ఇరవై ఏళ్ల కిందటి పాస్‌పోర్టు సైజు ఫొటో వెతకండి. ఎదురుగా చూస్తున్నది, నవ్వనిది. డిగ్రీ హాల్‌టికెట్‌దైనా సరే. రెప్పల అంచులు పోల్చి చూడండి. రెండు కళ్లూ అచ్చు ఒకేలా ఉన్న మనిషి అరుదు. సెల్ఫీతో మాత్రం పోల్చకండి, ఫోను దగ్గరగా పెట్టినకొద్దీ మధ్యలో ఉన్నవి పెద్దవై, మొహం ఆకారమే మారిపోతుంది.

వీటిలో ఏది ఉన్నా ఫొటోలు వెతుకుతూ కూర్చోవద్దు: ఒక రెప్ప ఉన్నట్టుండి వాలడం, దాంతోపాటు ఒక వస్తువు రెండుగా కనిపించడం, తలనొప్పి, ఒక కంటిపాప పెద్దదవడం. ఇవి ఉంటే అదే రోజు ఆసుపత్రికి. పొద్దున్న బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే, మింగడం, మాట్లాడడం కష్టమవుతుంటే కండరాల జబ్బు ఉందేమో చూడాలి. ఇంకొకటి, బరువు తగ్గాలని ఏమీ చేయకుండానే తగ్గిపోతూ కళ్లు మారుతుంటే థైరాయిడ్, షుగర్ రెండూ చూపించాలి. థైరాయిడ్ ఎక్కువైతే రెప్ప వాలదు, పైకి లాగేసినట్టు ఉంటుంది. మామూలుగా పై రెప్ప నల్లగుడ్డు పైఅంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పుతుంది. నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపిస్తుంటే అది ఆలోచించాల్సిన సంగతి.


నిర్వాహకులు
సోమవారం, మధ్యాహ్నం 3:10

మొహం ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు, మందుల డోసులు రాయొద్దు. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.


కళ్లజోళ్ల_కొట్టు
సోమవారం, రాత్రి 8:30

మా నాన్న నుంచి నాకు వచ్చిన కొట్టు. కొవిడ్ తర్వాత జనం నడకలో పడ్డప్పటి నుంచీ నేను చూస్తున్న విషయం ఒకటి ఉంది. పది కిలోలు దాటి తగ్గినవాళ్లు "అద్దాల పవర్ మారినట్టుంది" అని వస్తారు. చూస్తే పవర్ మారదు. కణతల దగ్గర కొవ్వు తగ్గి ఫ్రేమ్ వదులై ముక్కు మీదకి జారి ఉంటుంది. ప్రోగ్రెసివ్ అద్దాలైతే చదివే భాగం అడుగున ఉంటుంది కదా, ఫ్రేమ్ నాలుగు మిల్లీమీటర్లు జారితే ఆ భాగం కూడా కిందకి పోతుంది. అప్పుడు తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి చదువుతారు. మెడ నొప్పి. రెప్పలు బరువుగా ఉన్నాయంటారు.

అక్కా, మీకు కళ్లజోడు ఉంటే అది ఒక వైపు కిందకి ఉందేమో చూడండి. ఫ్రేమ్ వంకరగా కూర్చుంటే కన్ను వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాడలు వంచి, ముక్కు ప్యాడ్లు మార్చడానికి పది నిమిషాలు చాలు, ఎక్కడ కొన్నా సరే ఏ కొట్టులోనైనా చేస్తారు. కంటిపాపల మధ్య దూరం బరువుతో మారదు కాబట్టి అద్దాలు మార్చక్కర్లేదు.


లాసన్స్‌బే_శనివారం
సోమవారం, రాత్రి 11:15

నేను రాయాలా వద్దా అని నిన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను. 2025 మార్చిలో మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చాక డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెట్టి ఏడు నెలల్లో 21 కిలోలు తగ్గాను. కళ్ల కింద సీతమ్మధార గారు చెప్పిన గాడే. అది తట్టుకోలేక ఒక క్లినిక్‌లో ఫిల్లర్ (గుంట నింపే జెల్ ఇంజెక్షన్) వేయించుకున్నాను. పేరు చెప్పను. బరువు ఇంకా తగ్గుతోందా, ఆగిందా అని ఒక్కమాట అడగలేదు. పది నిమిషాల్లో అయిపోయింది.

మూడో వారం నుంచి కళ్ల కింద నీలంగా ఉబ్బు. అలసిపోయావా అని అడిగేవాళ్లు కాస్తా ఎవరైనా కొట్టారా అని అడగడం మొదలుపెట్టారు. కన్సీలర్ రాసినా దాగేది కాదు. తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ చర్మం పల్చన కాబట్టి జెల్ పైపైన పడితే వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుందని చెప్పి, కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. నాది హైలురోనిక్ ఆమ్లం రకం కాబట్టి కరిగింది. ఆవిడే ఇంకో మాట చెప్పారు. అరుదుగానైనా ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చూపు పోయే ప్రమాదం ఉందట. ఆ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

చేయించుకోవద్దని నేను అనను. బరువు నిలవకముందు చేయించుకోవద్దు, చేసే మనిషి ఎవరో తెలుసుకోకుండా కుర్చీలో కూర్చోవద్దు.


గాజువాక_రాత్రిషిఫ్ట్
మంగళవారం, ఉదయం 6:25

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. డాక్టరు గారూ, మీరు రాసిన చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. నాకు 29. మూడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. నేనేటీ చెయ్యలేదు, తిండి ఇంకా ఎక్కువే తింటున్నాను. అందరూ బాగా ఫిట్టయ్యావంటే ఆనందపడ్డాను. రాత్రి డ్యూటీల వల్ల అనుకున్నాను.

అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు పైన తెల్లగా కనిపిస్తోంది, కుడివైపు ఎక్కువ. ఎందుకలా గుడ్లురిమి చూస్తున్నావని మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది, నేను మామూలుగానే చూస్తున్నా. చేతులు వణుకుతున్నాయి, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. సిగరెట్ రోజుకి ఆరేడు. ఇది థైరాయిడేనా?


వాల్తేర్_పీజీ
మంగళవారం, ఉదయం 6:50

తమ్ముడూ, ఇక్కడి నుంచి పేరు పెట్టి చెప్పలేను, కానీ ఈరోజే పరీక్షకి రక్తం ఇవ్వండి. థైరాయిడ్ పరీక్షలు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3, దాంతోపాటు షుగర్. ఈసీజీ తీయించండి. రాత్రి డ్యూటీ తర్వాత నిద్రపోయి రేపు చూద్దామని అనుకోవద్దు. రిపోర్టుతో జనరల్ మెడిసిన్‌కో, ఎండోక్రైనాలజీకో వెళ్లండి, కళ్లు కూడా విడిగా చూపించండి. ప్రభుత్వంలో అయితే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), వాల్తేరు ప్రాంతీయ కంటి ఆసుపత్రి. బయటైతే హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్‌లో రెప్పల విభాగం ఉంది. రంగులు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా, కన్ను పూర్తిగా మూతపడకపోయినా ఒక్క గంట కూడా ఆగకండి.

సిగరెట్ గురించి ఇది వాదనకి రాయడం లేదు. థైరాయిడ్ కంటి జబ్బుని పొగ బాగా ముదిరేలా చేస్తుంది, మందు పని చేయడాన్ని కూడా తగ్గిస్తుంది. మీకు అదే అని తేలితే, మీ చేతిలో ఉన్న అతి పెద్ద వైద్యం అదే.


భీమిలి_పిన్ని
మంగళవారం, ఉదయం 7:30

బాబూ, ఒక్కడివీ వెళ్లకు, మీ ఆవిడని తీసుకెళ్లు. డాక్టరమ్మా, మర్దనా సంగతి చెప్పి మంచి పని చేశావు. మా అమ్మాయికీ చెప్పాను. ఒకటి అడుగుతాను. నాకు పొద్దున్న రెప్పలు ఉబ్బి, పదింటికల్లా తగ్గిపోతాయి. బరువు నాలుగు కిలోలు తగ్గినా అది తగ్గలేదు.


వాల్తేర్_పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 1:40

పిన్నిగారూ, రాత్రి పడుకున్నప్పుడు నీరు మొహంలో చేరుతుంది, రెప్ప చర్మం వదులు కాబట్టి ముందు అక్కడే తెలుస్తుంది. రాత్రి భోజనంలో ఎండు నెత్తళ్లు, ఊరగాయ, అప్పడాలు ఉంటే ఇంకా ఎక్కువ. రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే ఒక టీస్పూను లోపు, అన్నీ కలిపి. దిండు ఇంకొకటి వేసుకుని చూడండి. అయినా రోజూ ఉంటుంటే, కాళ్లలో కూడా వాపు ఉంటే, మూత్రం నురగగా వస్తుంటే, కిడ్నీల కోసం మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ చేయించండి. థైరాయిడ్ తక్కువైనా రెప్పలు ఉబ్బుతాయి, ఆ పరీక్షా కలిపి ఇవ్వండి.


ఉక్కునగరం_రిటైర్డ్
మంగళవారం, సాయంత్రం 5:15

డాక్టరమ్మా, మా వాకింగ్ బృందంలో ఒకాయనకి ముక్కు పక్కన రెప్పల మీద పసుపు మచ్చలు ఉన్నాయి. 10 కిలోలు తగ్గినా అవి పోలేదని దిగులు.


వాల్తేర్_పీజీ
మంగళవారం, రాత్రి 9:00

సార్, అవి కొలెస్ట్రాల్ నిండిన మచ్చలు. బరువు తగ్గినంత మాత్రాన సాధారణంగా పోవు, తీయించుకోవచ్చు కానీ మళ్లీ రావచ్చు. అవి ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది. అందం సంగతి తర్వాత, లిపిడ్ పరీక్ష చేయించుకున్నారా అని అడగండి. షుగర్ ఉన్నవాళ్లకి మరో మాట: చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగినప్పుడు కొందరిలో రెటీనా సమస్య కొన్నాళ్లు ముదురుతుంది. బరువు తగ్గే కార్యక్రమం మొదలుపెట్టే ముందే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.


సీతమ్మధార_నడక
శుక్రవారం, రాత్రి 8:10

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ట్రంకు పెట్టె అడుగున 2005 నాటి డిగ్రీ హాల్‌టికెట్ దొరికింది. అప్పుడు 52 కిలోలు. కుడి రెప్ప అప్పుడూ కిందకే ఉంది. ఇంతే తేడా. ఎడమ కంటికి రెండో మడత కూడా ఉంది, సన్నగా. పిల్లలు పుట్టాక బుగ్గలు నిండి ఆ తేడాని కప్పేశాయేమో, పదిహేనేళ్లు నేనే మర్చిపోయాను. అది మా నాన్న కన్ను. ఆయనకీ కుడి కన్ను అలాగే ఉండేది. ఆ ఫొటో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

అయినా వెళ్లి చూపించుకున్నాను. రెప్ప అంచు కొలత కుడి 3.5, ఎడమ 4.5 మిల్లీమీటర్లు. కండరం బలం రెండు వైపులా బాగుంది, చూపుకి అడ్డం లేదు, ఏమీ చేయక్కర్లేదన్నారు. ఎండలో నడుస్తాను కాబట్టి టోపీ, కళ్లకి చలవ అద్దాలు పెట్టుకోమన్నారు. ఇసుక పడినప్పుడు నలపకుండా నీళ్లతో కడగమన్నారు. ఇంకో నాలుగు కిలోలు తగ్గాలని ఉందంటే నెలకి రెండు కిలోలు మించొద్దని, పప్పు, గుడ్డు, పెరుగు పెంచమని చెప్పారు. ఫ్రేమ్ కూడా సరిచేయించాను, నిజంగానే ఒక వైపు దిగి ఉంది.

గాజువాక తమ్ముడూ, ఏమైంది? మూడు రోజులుగా మీ గురించే చూస్తున్నాను.


గాజువాక_రాత్రిషిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 12:30

అక్కా, పలకనందుకు ఏమీ అనుకోకండి. థైరాయిడ్ ఎక్కువగా ఉంది, టీఎస్‌హెచ్ అసలు అందనంత తక్కువ (థైరాయిడ్ ఎక్కువైతే అది పడిపోతుందట). గ్రేవ్స్ జబ్బు అన్నారు, ఒంట్లో రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని ఎక్కువ పనిచేయించే జబ్బట. మాత్రలు మొదలయ్యాయి, గుండె దడకి ఇంకొకటి. కంటి నరానికి ఇప్పటికి ఏమీ కాలేదట, చుక్కల మందు ఇచ్చి నెలకి రమ్మన్నారు. రాత్రి డ్యూటీ నుంచి మార్చమని కాగితం రాసిచ్చారు. సిగరెట్ మంగళవారం నుంచి ముట్టలేదు. మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివింది.


వాల్తేర్_పీజీ
శనివారం, మధ్యాహ్నం 12:55

ఈ మాత్రలు వాడుతున్నన్నాళ్లూ ఒకటి గుర్తుపెట్టుకోండి తమ్ముడూ. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు వస్తే మామూలు జలుబు అనుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోండి. ఇది మీ ఆవిడకి కూడా చెప్పండి. తల కింద దిండు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి.


గాజువాక_రాత్రిషిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 1:05

పక్కనే ఉంది, చదివి వినిపించాను. మాత్రల డబ్బా మీద రాసి పెడతానంటోంది.